మలిన భూమి మీద పేదల ఇళ్ళు: ఉత్తర చెన్నైలో ఏ శుద్ధి పద్ధతి ఎక్కడ ఎంచుకోవాలి?

ఉత్తర చెన్నైలో ఇప్పుడు ఖాళీగా కనబడే స్థలాల్లో చాలావాటికి ఒక గతం ఉంది. ఒకచోట బట్టల మిల్లు నడిచింది, ఒకచోట తోళ్ళు పదును చేశారు, ఇంకోచోట చమురు నిల్వ చేశారు, మరోచోట పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించారు. పెరంబూరు పక్కన బకింగ్‌హామ్ అండ్ కర్నాటక్ మిల్లులు 1996లో మూతపడ్డాయి. ఇప్పుడు ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. నగరం నడుమ భూమి దొరకడం గగనమైపోయింది కాబట్టి ఇకముందు పేదల ఇళ్ళు కూడా ఇలాంటి పాత పరిశ్రమల స్థలాల్లోనే వస్తాయి. రావాలి కూడా. పనికి దగ్గరగా, బడికి దగ్గరగా ఉండే హక్కు డబ్బున్నవాళ్ళకే పరిమితం కాకూడదు.

వ్యాసర్పాడి, పులియాంతోపు, కొరుక్కుపేట, తండయార్‌పేటల్లో నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో, హార్బరులో, మిల్లుల్లో కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొత్త ఇళ్ళ మాట వచ్చిన ప్రతి సమావేశంలోనూ ధర, లిఫ్టు, నీళ్ళు, ఎవరికి ఏ అంతస్తు అన్నవే చర్చకు వస్తాయి. కింద ఉన్న మట్టి సంగతి అడిగేవాళ్ళు అరుదు. అడిగినా "శుద్ధి చేసేశామండీ" అన్న ఒక్క మాటతో సర్దుకుంటారు. శుద్ధి అన్న పేరుతో చేసే పనులు అరడజను రకాలు. వాటి ఖర్చులు వేరు, వ్యవధులు వేరు, మిగిల్చే ప్రమాదాలు వేరు. కాలనీ సంఘాలకూ, చిన్న బిల్డర్లకూ, ఇల్లు తీసుకోబోయే కుటుంబాలకూ ఆ తేడాలు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పద్ధతులను పోల్చడానికి నేను ముందుగా వాడే కొలమానం ఖర్చు కాదు. తాళాలు చేతికిచ్చిన ఇరవై ఏళ్ళ తర్వాత ఆ స్థలానికి ఇంకా ఎంత కాపలా కావాలి? దానికి డబ్బు ఎవరిస్తారు? పెద్ద అపార్ట్‌మెంటు సంఘం నెలనెలా నిర్వహణ రుసుము వసూలు చేసి ఇంజినీరును పెట్టుకోగలదు. నాలుగు వందల చదరపు అడుగుల ఇళ్ళలో ఉండే రోజుకూలీల సంఘానికి మోటారు పాడైతే బాగుచేయించుకోవడమే గండం. అందుకని పేదల ఇళ్ళ కింద మిగిలే నిర్వహణ భారం ఎంత తక్కువైతే ఆ పద్ధతి అంత మేలు. మొదట్లో చవగ్గా కనబడే పద్ధతి ఈ లెక్కలో తరచూ ఓడిపోతుంది.

ముందు ఏముందో తెలియాలి

పద్ధతి ఎంచుకునే ముందే సగం నిర్ణయం జరిగిపోతుంది. అది మట్టి పరీక్ష దగ్గర జరుగుతుంది. అక్కడ తప్పు చేస్తే తర్వాత ఏ పద్ధతీ ఆదుకోదు.

మొదటి పని స్థలం చరిత్ర. పాత కరెంటు కనెక్షన్ ఏ పేరు మీద ఉండేది, ఫ్యాక్టరీ లైసెన్సు దేనికి ఇచ్చారు, బాయిలరు ఎక్కడుండేది, వ్యర్థాలు ఏ మూల పోసేవారు? ఈ విషయాలు కాగితాల్లో సగమే దొరుకుతాయి. మిగతా సగం ఆ వీధిలో ముసలివాళ్ళ దగ్గర దొరుకుతుంది. కొరుక్కుపేటలో ఒకసారి ఒక పెద్దమ్మ గోడ పక్కన చోటు చూపించి, "ఇక్కడ వాన పడితే నీళ్ళు పసుప్పచ్చగా నిలిచేవి నాయనా, మా మేకల్ని అటు పోనిచ్చేవాళ్ళం కాదు" అంది. నమూనాలు తీసే పటంలో ఆ మూలకు అంతకుముందు ఒక్క చుక్క కూడా లేదు.

రెండోది నమూనా తీసే తీరు. చేతితో తిప్పి నేల తొలిచే పనిముట్టును (ఆగరు) అరమీటరు దించితే పైపొర మట్టి వస్తుంది. అది చాలాసార్లు తర్వాత తోలి పోసిన మెరకమట్టి. అసలు సంగతి దాని కిందే ఉంటుంది. మీటరు దాటాక మట్టి నల్లబడి, వేళ్ళకు జిడ్డుగా తగిలి, కిరోసిన్ వాసన వేస్తే అక్కడ నూనె దిగిందని అర్థం. అలాంటి మట్టిని గాజు సీసాలో అంచుదాకా నింపి, బిగుతుగా మూతపెట్టి, మంచుపెట్టెలో ల్యాబుకు పంపాలి. పాలిథిన్ సంచిలో కట్టి ఎండలో ఆటోలో తీసుకెళితే బెంజీన్‌లాంటివి దారిలోనే ఆవిరైపోతాయి. రిపోర్టులో "గుర్తించలేదు" అని వస్తుంది. ఆ మాట నిజమే, కానీ మట్టి గురించి అది ఏమీ చెప్పదు.

మూడోది, నాకు కోపం తెప్పించే అలవాటు: ఐదు చోట్ల మట్టి తీసి, కలిపి, ఒక్కటే పరీక్ష చేయించడం. నాలుగు చోట్ల కిలో మట్టిలో 40 మిల్లీగ్రాముల సీసం, ఐదోచోట 500 ఉందనుకోండి. కలిపితే సగటు 132 వస్తుంది. కెనడా ప్రమాణం ప్రకారం నివాస స్థలంలో సీసం హద్దు 140. అంటే కాగితం మీద స్థలం ఉత్తీర్ణం అయిపోయింది. ఆ ఐదోచోటే రేపు పిల్లలు ఆడుకునే ఇసుకగుంట కావచ్చు. ప్రతి చోటుకూ, ప్రతి లోతుకూ విడివిడి ఫలితాలు అడగాలి. సీసం విషయంలో పిల్లలకు సురక్షితమని చెప్పదగ్గ స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నివాస స్థలాల మట్టికి పెట్టుకున్న పరిశీలన స్థాయిని 400 నుంచి 200కు తగ్గించింది.

ఇంకొక మోసపూరితమైన కాగితం ఉంది. "టీసీఎల్‌పీ పరీక్షలో పాసైంది" అని చూపిస్తారు. వ్యర్థాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కకట్టాలా వద్దా అని తేల్చడానికి ఉద్దేశించిన పరీక్ష అది. మట్టిలోంచి ఆమ్లద్రావణంలోకి ఎంత దిగుతుందో మాత్రమే చూస్తుంది. సీసానికి దాని హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణంలో సీసం హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పసిపాప మట్టిచేతులు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు టీసీఎల్‌పీ దగ్గర జవాబు లేదు. ఇల్లు కట్టే స్థలానికి మట్టిలోని మొత్తం పరిమాణమూ కావాలి, నీటిలోకి దిగే పరిమాణమూ కావాలి.

తవ్వి తరలించడం

మలినమైన మట్టిని తవ్వి, లారీల్లో ఎత్తి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపి, ఆ గుంతను శుభ్రమైన మట్టితో నింపడం. తమిళనాడులో అలాంటి కేంద్రం గుమ్మిడిపూండిలో ఉంది. నెల్లూరు వెళ్ళే బస్సు ఎక్కినవాళ్ళందరికీ ఆ దారి తెలుసు. వ్యాసర్పాడి నుంచి నలభై కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. మన నగరానికి ఇది పెద్ద వెసులుబాటు.

దీని గొప్పతనం ఒక్కటే, కానీ అది చాలా పెద్దది: పని అయిపోయాక స్థలానికి కాపలా అక్కర్లేదు. గుంత అడుగునా గోడల్లోనూ మళ్ళీ నమూనాలు తీసి, శుభ్రంగా ఉందని తేలితే కథ ముగిసినట్టే. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో మునగ మొక్క నాటడానికి తవ్వినా భయం లేదు.

భారం ఎంతో లెక్క వేసుకోండి. ఒక ఎకరం స్థలంలో ఒక్క మీటరు లోతు తవ్వితే దాదాపు 4,000 ఘనమీటర్ల మట్టి వస్తుంది. బరువులో సుమారు 7,000 టన్నులు. పది చక్రాల టిప్పరు 16 నుంచి 18 టన్నులు మోస్తుందనుకుంటే నాలుగు వందల దాకా లోడ్లు. అంత మట్టినీ తీసుకుపోయి పారబోసే చోటులో ప్రతి టన్నుకూ రుసుము. ఎకరాల కొద్దీ ఇలా చేస్తానంటే పేదల ఇంటి ధరలో అది ఇమడదు. కాబట్టి ఈ పద్ధతి విలువంతా మచ్చలను కచ్చితంగా గుర్తించడంలో ఉంది. ఎకరంలో నాలుగు మూలల మాత్రమే విషం ఉంటే, ఆ నాలుగు మూలలే తవ్వాలి. పరీక్షలకు అదనంగా పెట్టిన ప్రతి రూపాయీ టిప్పర్ల దగ్గర పది రూపాయలై తిరిగొస్తుందని నా అనుభవం.

కాలం కూడా చూడాలి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. ఆ నెలల్లో గుంత తెరిచి ఉంచితే అది చెరువవుతుంది. విషం కలిసిన ఆ నీళ్ళు కెప్టెన్ కాటన్ కాలువలోకో, ఒట్టేరి నల్లాలోకో దారి చూసుకుంటాయి. తవ్వకం జనవరి తర్వాత మొదలుపెట్టి సెప్టెంబరు లోపు పూడ్చెయ్యాలి. కాంట్రాక్టులో ఆ తేదీలు ఉండాలి. లారీల మీద టార్పాలిన్, చక్రాలు కడిగే తొట్టి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం తప్పనిసరి. పక్కవీధిలో ఇప్పటికే ఉంటున్న పేదల ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్ము పోతే మనం చేసింది శుద్ధి అనిపించుకోదు.

కప్పి ఉంచడం

బిల్డర్లకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి ఇది. మట్టిని కదపరు. దాని మీద గుర్తుగా ముదురు రంగు వల, ఆపైన మందమైన ప్లాస్టిక్ పొర, ఆపైన మీటరు దాకా శుభ్రమైన మట్టి లేదా కాంక్రీటు వేస్తారు. తవ్వి తరలించడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, వ్యవధీ తక్కువ. సరిగ్గా చేస్తే సీసం, ఆర్సెనిక్ వంటి లోహాల విషయంలో పనిచేస్తుంది కూడా. చర్మానికీ నోటికీ మట్టి తగలకుండా చేయడమే అక్కడ అసలు లక్ష్యం.

కప్పు చెదిరితే ఏమవుతుందో ప్రపంచానికి లవ్ కెనాల్ చూపించింది. అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలో రసాయన కంపెనీ ఒక పాత కాలువను వేల టన్నుల వ్యర్థాలతో నింపి, మట్టితో కప్పి, 1953లో బడి కట్టుకోవడానికి ఒక్క డాలరుకు అమ్మింది. తర్వాత బడి వచ్చింది, ఇళ్ళు వచ్చాయి. రోడ్లకూ మురుగు గొట్టాలకూ తవ్వినప్పుడు కప్పుకు చిల్లులు పడ్డాయి. వానలకు రసాయనాలు నేలమాళిగల్లోకి ఊరాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించారు. మలిన స్థలాల శుద్ధికి అమెరికా ప్రత్యేక చట్టం తెచ్చుకున్నది ఆ తర్వాతే, 1980లో.

మన కాలనీల్లో కప్పును చెదరగొట్టే పనులు రోజూ జరుగుతాయి. మురుగు గొట్టం పగిలితే తవ్వుతారు. నీళ్ళు చాలకపోతే బోరు దింపుతారు. పండుగకు పందిరి గుంజలు పాతుతారు. పెరట్లో కరివేపాకు నాటుతారు. ఇవేవీ తప్పులు కావు, మనుషులు బతికే తీరే అది. కింద ప్లాస్టిక్ పొర ఉందన్న సంగతి రెండో తరానికి గుర్తుండదు. అందుకే కప్పే పద్ధతిని ఒప్పుకోవాలంటే, ఆ స్థలం నిర్వహణ బాధ్యత ప్రభుత్వ సంస్థ మీద రాతపూర్వకంగా ఉండాలి. నివాసుల సంఘం మీద నెట్టేస్తే ఒప్పుకోవద్దు.

చెన్నైకి ప్రత్యేకమైన ఇంకొక చిక్కుంది. అది ప్రాజెక్టు రిపోర్టుల్లో దాదాపుగా కనబడదు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. చాలాచోట్ల అది ఇంకుడు గుంత రూపంలోనే ఉంటుంది. మంచి నేలలో అది వరం. కప్పి ఉంచిన మలిన నేలలో అదే ఇంకుడు గుంత, మేడ మీద పడ్డ వాననంతా తెచ్చి విషపు పొరలోకి దింపి, అక్కణ్ణుంచి భూగర్భజలంలోకి తోస్తుంది. తండయార్‌పేట వైపు ఇసుకనేల, నీటిమట్టం పైపైనే ఉంటుంది. 2013లో అక్కడ భూమిలోపలి పైపు కారి చమురు బావుల్లోకి, బోర్లలోకి వచ్చిన సంగతి ఆ వీధులవాళ్ళు మరిచిపోలేదు. కప్పిన స్థలంలో వాననీటిని కాంక్రీటు సంపులో నిల్వ చేయాలి, నేలలోకి ఇంకనివ్వకూడదు. ప్లానులో ఇంకుడు గుంత గీసి ఉంటే ఆ ప్లాను మార్చమని అడగండి.

ఆవిరయ్యే రసాయనాలున్న చోట మాత్రం కప్పడం ఒక్కటే చాలదు. పెట్రోలు, ద్రావకాలు, లోహాల జిడ్డు వదిలించడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్ లాంటివి వాయువుగా మారి నేల పగుళ్ళలోంచి గదుల్లోకి వస్తాయి. కింద స్తంభాలు మాత్రమే ఉండి అన్నివైపులా తెరిచి ఉన్న స్టిల్ట్ పార్కింగ్ ఉంటే ఆ వాయువు గాలికి పోతుంది. కానీ పేదల గృహసముదాయాల్లో కింది అంతస్తులోనే అంగన్‌వాడీ పెడతారు, రేషన్ దుకాణం పెడతారు. వృద్ధులకూ వికలాంగులకూ కింది ఇళ్ళే ఇస్తారు. అంటే నేలకు అందరికంటే దగ్గరగా ఉండేది అందరికంటే బలహీనమైనవాళ్ళు. కప్పి ఉంచిన స్థలంలో కింది అంతస్తు ఖాళీగా వదలాలి, మొదటి అంతస్తుకు ర్యాంపు, లిఫ్టు పెట్టాలి. ఆ ఖర్చు కూడా కలిపి చూస్తే కప్పడంలోని చవకతనం చాలావరకు కరిగిపోతుంది.

అక్కడికక్కడే శుద్ధి

ఇక్కడ ఏ విషం అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. అన్నిటికీ ఒకే మందు అమ్మజూపేవారిని నమ్మవద్దు.

డీజిలు, కిరోసిన్ లాంటి నూనెలకు సూక్ష్మజీవులతో శుద్ధి మంచి దారి. మట్టిని వరుస గుట్టలుగా పోసి, గాలి గొట్టాలు పెట్టి, నత్రజని, భాస్వరం కలిపి, తేమ ఆరకుండా చూస్తూ తిరగేస్తుంటే సూక్ష్మజీవులు నూనెను తినేస్తాయి. చెన్నై వేడి వాటికి బాగా సరిపోతుంది. కొన్ని నెలల్లో పని అవుతుంది. తారు లాంటి బరువైన నూనెలు మాత్రం మొండికేస్తాయి. గుట్టలు పోయడానికి ఖాళీ జాగా కావాలి, అడుగున పొర వేయాలి, వానాకాలంలో కప్పాలి. పాత చమురు డిపో స్థలానికి నేనైతే ముందు దీన్నే పరిశీలిస్తాను. విషం నిజంగా నశిస్తుంది, ఇంకోచోటికి తోలినట్టు కాదు. తర్వాత కాపలా భారమూ ఉండదు.

లోహాలను ఏ సూక్ష్మజీవీ తినలేదు. సీసం మూలకం, అది నశించదు. ఫాస్ఫేటు కలిపితే నీటిలో కరగని రూపంలోకి మారుతుంది, సిమెంటు కలిపితే గట్టిపడి బంధింపబడుతుంది. రెండూ పనికొచ్చేవే, కానీ సీసం అక్కడే ఉంటుంది కాబట్టి ఇవి కప్పి ఉంచడానికి అన్నదమ్ములే. పునాదుల కింద, రోడ్ల కింద సరే. ఆటస్థలం కింద వద్దు.

తోళ్ళ కర్మాగారాల స్థలాల్లో క్రోమియం కథ కొంచెం మెలిక ఉన్నది. పల్లావరం, క్రోంపేటల వైపు తోళ్ళ పరిశ్రమ వందేళ్ళకు పైబడిన చరిత్ర. తోలు పదునులో వాడేది ఎక్కువగా మూడు సంయోజకతల క్రోమియం. అది మట్టికి అంటుకుని ఉంటుంది, ప్రమాదం తక్కువ. ఆరు సంయోజకతల క్రోమియం నీటిలో ఇట్టే కరుగుతుంది, నీటిని పసుపుపచ్చగా మారుస్తుంది, క్యాన్సర్ కారకం. రిపోర్టులో "మొత్తం క్రోమియం" అని ఒక్క అంకె ఉంటే దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేం. భయపడి అనవసరంగా ఎకరాలు తవ్వించనూవచ్చు, ధైర్యపడి విషం వదిలేయనూవచ్చు. రెండు రూపాలూ విడివిడిగా కొలిపించాలి. ఆరు సంయోజకతలది ఉంటే ఫెర్రస్ సల్ఫేటు కలిపి మూడుకు దించవచ్చు. అయితే క్రోమేటు రసాయనాలు తయారుచేసిన ఫ్యాక్టరీల వ్యర్థం దగ్గర ఈ చిట్కా తేలిగ్గా పారదు. దానికి క్షారగుణం చాలా ఎక్కువ, పైగా ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి పునాదులను పైకెత్తుతుంది. రాణిపేటలో 1990లలో మూతపడ్డ క్రోమేటు ఫ్యాక్టరీ ఆవరణలో లక్షల టన్నుల వ్యర్థం దశాబ్దాల తరబడి పడి ఉంది. అలాంటి వ్యర్థంతో మెరక చేసిన స్థలమని తెలిస్తే అక్కడ ఇళ్ళ ఆలోచనే మానుకోవాలి.

మొక్కలతో శుద్ధి గురించి తరచూ అడుగుతారు. వట్టివేరు, ఆవ లాంటివి కొంత లోహాన్ని పీలుస్తాయి. ఏళ్ళు పడుతుంది, వేరు దిగినంత లోతే అందుతుంది. ఇళ్ళ కోసం ఎదురుచూసే కుటుంబాలకు ఇది పనికిరాదు.

చెత్తదిబ్బ భూమి

కొడుంగైయూరు సంగతి విడిగా చెప్పాలి. చెన్నై కార్పొరేషన్ అక్కడ సుమారు 250 ఎకరాల మీద పేరుకున్న 66 లక్షల టన్నులకు పైబడిన పాత చెత్తను తవ్వి, జల్లించి, వేరుచేసే పనిని సుమారు 640 కోట్ల రూపాయలతో చేపట్టింది. టన్నుకు వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ పడుతుంది. ప్లాస్టిక్, గుడ్డపేలికలు సిమెంటు బట్టీలకు ఇంధనంగా పోతాయి, రాళ్ళు రప్పలు వేరవుతాయి, మిగిలేది సన్నటి మట్టి. చుట్టుపక్కల ఎళిల్ నగర్ వంటి కాలనీల్లో పొగకూ వాసనకూ మధ్య బతుకుతున్నవారికి ఆ దిబ్బ పోవడమే పండుగ.

ఇక ఆ భూమిలో ఇళ్ళు కట్టవచ్చా? ఇప్పుడే వద్దన్నది నా అభిప్రాయం. పైన చెప్పిన ఖర్చు చెత్తను తీయడానికి. దశాబ్దాలుగా చెత్తలోంచి ఊరిన రసం కింద నేలలోకి, నీటిలోకి ఎంత దిగిందో చూసి దాన్ని శుద్ధి చేయడం వేరే పని. అడుగున చెత్త పొర ఎక్కడైనా మిగిలితే మీథేన్ పుడుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ చాలు. నేల ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా కుంగుతుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు మూసివేసిన చెత్తదిబ్బను పదిహేనేళ్ళు గమనించాకే, వాయువులూ రసమూ ప్రమాణాలకు లోబడి ఉండి నేల నిలకడగా ఉందని తేలితేనే, నివాసాలకు పరిశీలించవచ్చన్నాయి. చెత్త మొత్తం తీసేసిన భూమికి ఆ నిబంధన అక్షరాలా వర్తిస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. నివాసుల తరఫున ఆలోచించేవారు ఆ జాగ్రత్త వర్తించాల్సిందేననాలి. ముంబైలో ధారావి వాసుల పునరావాసానికి దేవనార్ చెత్తదిబ్బలో సుమారు 124 ఎకరాలు కేటాయించాలని 2024లో తీసుకున్న నిర్ణయం మీద వచ్చిన అభ్యంతరాలు కూడా ఇవే.

జల్లించగా వచ్చిన సన్నమట్టిని "మంచి మట్టి" పేరుతో మెరక వేయడానికి తోలుతుంటే మాత్రం ఎవరైనా ఆపాలి. గాజుపెంకులు, ప్లాస్టిక్ తునకలు, లోహాలు అందులో ఉంటాయి. ఇంటి చుట్టూ దాన్ని పరిస్తే ఒక చోటి మాలిన్యాన్ని వంద చోట్ల పంచినట్టు.

దక్షిణ చెన్నైలోని పెరుంగుడి చెత్తదిబ్బ దగ్గర ఈ చర్చే అనవసరం. అది పళ్ళికరణై చిత్తడినేలలో భాగం. ఆ చిత్తడినేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు, వచ్చింది. ఖాళీ అయిన ప్రతి ఎకరమూ నీటికే తిరిగి దక్కాలి.

దూరంగా వెళ్ళడమూ ఒక ఎంపికే

శుద్ధి ఖరీదైనదని తేలగానే వచ్చే మాట: "ఇంత బాధెందుకు, పెరుంబాక్కంలో ఇళ్ళున్నాయిగా." కణ్ణగి నగర్, సెమ్మంజేరి, పెరుంబాక్కం పునరావాస కాలనీలు నగరం దక్షిణ కొసలో ఉన్నాయి. కొరుక్కుపేట నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు. తెల్లవారుజామున హాజరు వేయించుకోవాల్సిన పారిశుద్ధ్య కార్మికురాలు అక్కణ్ణుంచి ఎన్ని గంటలకు లేవాలి? మూడిళ్ళలో పాచిపని చేసే ఆమెకు బస్సులో పోయే సమయానికి కూలి ఎవరిస్తారు? పిల్లలు బడి మానేస్తే, ముసలివాళ్ళకు స్టాన్లీ ఆసుపత్రి దూరమైతే ఆ నష్టం ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఎక్కదు. ఆ ప్రాంతాలూ వానలకు మునిగేవే.

కాబట్టి పోలిక సరిగ్గా చేయాలి. ఒకవైపు శుద్ధి ఖర్చు, మరోవైపు దూరం వల్ల ఇరవై ఏళ్ళపాటు కుటుంబాలు మోసే ఖర్చు. ఆ రెండోది ప్రభుత్వ పద్దులో కనబడదు కాబట్టి దూరమే చవక అనిపిస్తుంది. మచ్చలుగా ఉన్న మాలిన్యమైతే ఉన్నచోటే శుద్ధి చేసి కట్టమని గట్టిగా అడగడమే న్యాయం. భూమి అడుగు నుంచి అంచు దాకా చెడిపోయిన చోట మాత్రం, దగ్గర అన్న ఆశతో పిల్లలను విషం మీద పడుకోబెట్టవద్దు. ఆ రెంటి మధ్య, పరిసరాల్లోనే ఇంకో స్థలం చూపించమనడం మూడో దారి. అడగకపోతే అది ఎవరూ చూపించరు.

మీ స్థలానికి ఏది

పాత చమురు డిపో, లారీ షెడ్డు అయితే: సూక్ష్మజీవులతో శుద్ధి, మరీ చెడిన మచ్చలను తవ్వి గుమ్మిడిపూండికి పంపడం. ఆతురత పడి కప్పేయవద్దు.

బ్యాటరీలు కరిగించిన స్థలమైతే: సీసం సాధారణంగా పైపొరల్లోనే ఉంటుంది. అరమీటరు, మీటరు తవ్వి తరలించడం భరించగలిగే ఖర్చే. ఇక్కడ నేను బేరమాడను, ఎందుకంటే దెబ్బ తినేది పసిపిల్లల మెదడు.

తోళ్ళ కర్మాగారమైతే: క్రోమియం రూపాలు తేలేదాకా ఏ ఒప్పందమూ వద్దు. మూడు సంయోజకతలదే అయితే, స్టిల్ట్ మీద కట్టి, కింద గట్టి కప్పు వేసి, బోర్లు నిషేధించి కట్టుకోవచ్చు. మెట్రోవాటర్ (నగర నీటి సరఫరా బోర్డు) కనెక్షన్ ముందే ఉండాలి. కనెక్షన్ రాకుండా బోరు వద్దంటే ఎవరూ వినరు, వినలేరు కూడా.

బట్టల మిల్లు స్థలాలు ఒకే రకంగా ఉండవు. నేత షెడ్ల కింద నేల తరచూ బాగానే ఉంటుంది, రంగుల విభాగం, బాయిలరు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చోట్లు చూసుకోవాలి. పాత కప్పుల్లో ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టకుండా దించాలి. శుద్ధి తేలిక, జాగా పెద్దది, అన్నిటిలోకీ పేదల ఇళ్ళకు అనువైనవి ఇవే. అందుకే వీటిని పూర్తిగా ఖరీదైన అపార్ట్‌మెంట్లకు వదిలేయకుండా కొంత వాటా అడగాలి.

ఇక డబ్బు ఎవరిదన్నది. కేంద్ర పర్యావరణ శాఖ 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను గుర్తించి తెలపాలి, కాలుష్య నియంత్రణ మండలి నిర్ణీత గడువులో పరీక్షించాలి, పాడుచేసినవాడే ఖర్చు భరించాలి, వాడు దొరక్కపోతే, భరించలేకపోతే ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి. అప్పటికి దేశంలో గుర్తించిన 103 స్థలాల్లో ఏడింటిలోనే శుద్ధి మొదలైంది. చెత్తదిబ్బలు మామూలుగా ఈ నిబంధనల కిందికి రావు. పాత పరిశ్రమ స్థలమైతే మాత్రం మీ సంఘం కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమానం తెలియజేసి రసీదు తీసుకోవాలి. ఇళ్ళు మొదలయ్యాక ఇచ్చే అర్జీ కన్నా పునాది పడక ముందు ఇచ్చిన అర్జీకి బలం ఎక్కువ. స్థిరాస్తి నియంత్రణ చట్టంలో (రెరా) నిర్మాణ లోపాలకు ఐదేళ్ళ బాధ్యత ఉంది, కానీ మట్టిలోని విషం ఐదేళ్ళలో బయటపడాలని లేదు.

సంతకం పెట్టే ముందు నాలుగు కాగితాలు చేతిలో ఉండాలి. నమూనాలు ఎక్కడెక్కడ, ఎంత లోతులో తీశారో చూపే పటం, విడివిడి ఫలితాలతో సహా. పని అయ్యాక గుంత అడుగునా గోడల్లోనూ తీసిన నమూనాల ఫలితాలు, అవి నివాస ప్రమాణంతో పోల్చినవై ఉండాలి, పారిశ్రామిక ప్రమాణంతో కాదు. ఎన్ని లారీల మట్టి ఎక్కడికి చేరిందో చెప్పే రవాణా పత్రాలు. ఏమైనా అక్కడే కప్పి ఉంచితే, ఏ సంస్థ, ఏ నిధితో, ఎన్నాళ్ళు చూసుకుంటుందో రాసిన ఒప్పందం, తెలుగులోనో తమిళంలోనో, సంతకం పెట్టేవాళ్ళు చదవగలిగే భాషలో. వీటితోపాటు స్థలం చుట్టూ ఉన్న బోర్ల నీటిని వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించి ఆ ఫలితాలు సంఘం దగ్గర భద్రపరచండి. పని మొదలయ్యాక నీళ్ళు మారాయో లేదో రుజువు చేయడానికి అంతకంటే గట్టి ఆధారం దొరకదు.